ఎక్స్‌రే, సీటీ గదుల్లో రోగికీ మనకీ డోస్ తగ్గించడం ఎలా? కొత్తగా చేరిన రేడియోగ్రాఫర్లకు

రేడియాలజీ విభాగంలో చేరిన మొదటి రోజు చేతికి ఒక టీఎల్‌డీ బ్యాడ్జ్ (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే చిన్న బిళ్ల) ఇస్తారు, గోడకి వేలాడుతున్న లెడ్ ఏప్రన్లు చూపిస్తారు. దాంతో రేడియేషన్ సేఫ్టీ అంటే మనల్ని మనం కాపాడుకోవడమే అనే అభిప్రాయం ఏర్పడిపోతుంది. మీ జాగ్రత్త ముఖ్యమే, దాని గురించి వివరంగానే చెబుతాను. కానీ మామూలు ఎక్స్‌రే గదిలో కంట్రోల్ బూత్ లోపల నిలబడే మీకు అందే డోస్, అంటే ఒంటికి పడే రేడియేషన్ మోతాదు, చాలా తక్కువ. కిరణాలు నేరుగా తగిలేది టేబుల్ మీద పడుకున్న మనిషికి. ఆ మనిషికి ఎంత డోస్ పడాలో చాలావరకు నిర్ణయించేది మీరే, అదీ బటన్ నొక్కే ముందు అర నిమిషంలో. అందుకే పని జరిగే వరసలోనే వెళ్దాం.

ముందు కొన్ని అంకెలు

నేల నుంచి, ఆకాశం నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, తినే తిండి నుంచి ప్రతి మనిషికీ ఎలాగూ కొంత రేడియేషన్ అందుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు చూస్తే అది ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి పడిన డోస్‌ని కొలిచే ప్రమాణం). దీన్ని గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. ఒక చెస్ట్ పీఏ (కిరణాలు వీపు వైపు నుంచి వచ్చే) ఎక్స్‌రేతో రోగికి పడేది దాదాపు 0.02 మిల్లీసీవర్ట్, అంటే మూడు రోజుల సహజ రేడియేషన్. తల సీటీకి 2 మిల్లీసీవర్ట్‌ల దగ్గర పడుతుంది. పొట్ట, పెల్విస్ కలిపి చేసే సీటీకి 8 నుంచి 10. అంటే ఒక్క పొట్ట సీటీ కొన్ని వందల చెస్ట్ ఎక్స్‌రేలతో సమానం. ఇవి సగటు లెక్కలు, మెషీన్‌ని బట్టీ మనిషి శరీరాన్ని బట్టీ మారతాయి. అయినా మీ శ్రద్ధ ఎక్కడ ఎక్కువ పెట్టాలో ఇవే చెబుతాయి.

హాని రెండు రకాలు. ఒకటి, ఒక హద్దు దాటితేనే కనిపించేది: చర్మం ఎర్రబడటం, జుట్టు రాలడం, కంటి లెన్స్‌లో శుక్లం. రెండోది క్యాన్సర్. దీనికి ఫలానా హద్దు లోపల ఉంటే ఏమీ కాదని చెప్పే వీల్లేదు. డోస్ పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందని భావించి జాగ్రత్త పడతాం. మామూలు ఎక్స్‌రే, సీటీల్లో మన బాధ రెండోదాని గురించే. ఎక్కువసేపు సాగే క్యాథ్‌ల్యాబ్ (గుండె, రక్తనాళాల్లోకి గొట్టం పంపి, ఎక్స్‌రేలో చూస్తూ చికిత్స చేసే గది) కేసుల్లో మాత్రం మొదటిది కూడా నిజమైన ప్రమాదమే.

మరో విషయం. సిబ్బందికి ఏడాదికి ఇంత అని డోస్ పరిమితి ఉంటుంది. రోగికి అలాంటి పరిమితి లేదు. అవసరమైతే ఎన్ని సీటీలైనా చేయాల్సి రావచ్చు. రోగిని కాపాడేవి రెండే: ఈ పరీక్ష నిజంగా కావాలా అన్న ప్రశ్న, కావాలంటే సరిపడా డోస్‌తోనే చేశామా అన్న ప్రశ్న.

రిక్వెస్ట్ ఫారం చదవండి

చాలామంది ఫారంలో పేరూ, ఏ భాగమూ చూసి రోగిని లోపలికి పిలిచేస్తారు. క్లినికల్ హిస్టరీ గడి కూడా చదవండి. కుడి మోకాలి నొప్పి అని రాసి ఎడమ మోకాలి ఎక్స్‌రే అడిగి ఉండొచ్చు. నిన్ననే వేరే వార్డు నుంచి ఇదే పరీక్ష అయిపోయి ఉండొచ్చు. పాత ఇమేజ్‌లు సిస్టమ్‌లో ఉన్నాయేమో ఒకసారి వెతకడానికి ఒక్క నిమిషం చాలు. అల్ట్రాసౌండ్‌తోనో ఎమ్మారైతోనో తేలిపోయే ప్రశ్నకి సీటీ రాశారని అనిపిస్తే రేడియాలజిస్ట్‌ని అడగండి. పరీక్ష అవసరమా కాదా అని తేల్చేది డాక్టర్లే, నిజమే. కానీ ఫారంకీ మెషీన్‌కీ మధ్య ఉన్న ఆఖరి మనిషి మీరు. మీరు అడగకపోతే ఇక అడిగేవాళ్లు లేరు. అడిగితే డాక్టర్ విసుక్కుంటారేమో అన్న టెన్షన్ వద్దు. "సార్, నిన్నటి ఇమేజ్ ఉంది, మళ్ళీ తీయమంటారా?" అని మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

రోగిని గుర్తు పట్టేటప్పుడు "మీరు ఫలానాయేనా?" అని అడక్కండి. నొప్పిలో ఉన్నవాళ్లు, వినికిడి తక్కువున్న పెద్దవాళ్లు దేనికైనా తలూపేస్తారు. "మీ పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని వాళ్ల నోటితోనే చెప్పించి ఫారంతో సరిచూడండి. చెప్పలేని స్థితిలో ఉంటే చేతికున్న బ్యాండ్ చూడండి. ఒకరికి తీయాల్సింది ఇంకొకరికి తీస్తే ఆ డోస్ మొత్తం వృథా. పైగా ఇద్దరి రిపోర్టులూ తారుమారవుతాయి.

గర్భం గురించి అడగడం

పిల్లలు పుట్టే వయసులో ఉన్న ప్రతి స్త్రీనీ అడగాలి, అదీ చాటుగా. అత్తగారి ముందో, అన్నయ్య ముందో, వరండాలో నలుగురూ వింటుండగానో అడిగితే నిజం బయటికి రాదు. రోగి ఒక్కరినే లోపలికి పిలిచి, తలుపు వేసి, "అమ్మా, ఇది అందరినీ అడిగే ప్రశ్నే. నెలసరి ఎప్పుడు వచ్చింది? గర్భం ఉండే అవకాశం ఏమైనా ఉందా?" అని అడగండి. పెళ్ళి కాలేదు కదా అని ఈ ప్రశ్న వదిలేయకండి.

జవాబుని బట్టి ఏం చేయాలి? చేతులు, కాళ్లు, తల, ఛాతీ ఎక్స్‌రేల్లో పొట్టలోని బిడ్డకి పడేది 0.01 మిల్లీగ్రే (శరీర భాగం పీల్చుకున్న రేడియేషన్‌కి కొలత) కన్నా తక్కువ. గర్భం ఉన్నా సరే, అవసరమైతే అలాంటి పరీక్ష ఆపక్కర్లేదు. కిరణం నేరుగా పొట్ట, పెల్విస్ మీద పడే పరీక్షల్లోనే ఆలోచించాలి. నెలసరి తప్పలేదంటే మామూలు పరీక్షలు చేయొచ్చన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. పొట్ట సీటీ లాంటి ఎక్కువ డోస్ పరీక్షలైతే, తొందర లేనప్పుడు, నెలసరి మొదలైన 10 రోజుల లోపు పెట్టుకుంటారు. గర్భం ఉందని తెలిస్తే నిర్ణయం రేడియాలజిస్ట్‌దీ, పంపిన డాక్టర్‌దీ. మీరు ఆపి, వాళ్లకి చెప్పాలి.

తెలియక సీటీ తీసేశాక గర్భం బయటపడిందనుకోండి, ఆ కుటుంబం విపరీతంగా భయపడుతుంది. గర్భం తీయించుకోమని చుట్టుపక్కలవాళ్లు సలహా ఇచ్చేస్తారు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్, ఐసీఆర్పీ, ఈ విషయంలో స్పష్టంగానే చెప్పింది: బిడ్డకి పడిన డోస్ 100 మిల్లీగ్రేల కన్నా తక్కువైతే ఆ కారణంతో గర్భం తీసేయడం సమంజసం కాదు. ఒక పెల్విస్ సీటీతో బిడ్డకి పడేది సాధారణంగా కొన్ని పదుల మిల్లీగ్రేలే. కాబట్టి వాళ్లకి మీరు సొంతంగా ఏమీ చెప్పకుండా, ఏయే పరీక్ష ఏ సెట్టింగ్స్‌తో తీశారో రాసి రేడియాలజిస్ట్‌కీ మెడికల్ ఫిజిసిస్ట్‌కీ ఇవ్వండి. వాళ్లు లెక్క కట్టి మాట్లాడతారు. ఆ లెక్క ఒక గర్భాన్ని నిలబెట్టగలదు.

పొజిషనింగ్, కొలిమేషన్

డోస్ తగ్గించే పనుల్లో ఖర్చు లేనిదీ ఎక్కువ ఫలితమిచ్చేదీ కొలిమేషన్. అంటే లైట్ ఫీల్డ్‌ని (కిరణాలు ఎక్కడ పడతాయో చూపే వెలుగు) కావాల్సిన భాగం వరకే కుదించడం. నాలుగు వైపులా కొలిమేషన్ అంచు ఇమేజ్‌లో కనిపించాలి. డిజిటల్ వచ్చాక ఒక చెడ్డ అలవాటు పాకింది: ఫీల్డ్ పూర్తిగా తెరిచి తీసేసి, తర్వాత కంప్యూటర్‌లో అంచులు కత్తిరించడం. ఇమేజ్ చక్కగా కనిపిస్తుంది, రోగికి మాత్రం అక్కర్లేని చోట డోస్ పడిపోయింది. దాన్ని కొలిమేషన్ అనరు. ఫీల్డ్ చిన్నదైతే స్కాటర్ (శరీరానికి తగిలి చెదిరిపోయే కిరణాలు) కూడా తగ్గుతుంది, ఇమేజ్‌లో కాంట్రాస్ట్ పెరుగుతుంది. రోగికీ మంచిది, చదివే డాక్టర్‌కీ మంచిది.

ఛాతీ ఎక్స్‌రే వీలైనంతవరకూ నిలబెట్టి, పీఏలో, 180 సెంటీమీటర్ల దూరం నుంచి తీయండి. గుండె నీడ అసలు సైజుకి దగ్గరగా వస్తుంది. కిరణాలు వీపు నుంచి వస్తాయి కాబట్టి రొమ్ములకి పడే డోస్ తగ్గుతుంది. ఇదే కారణంతో, వెన్ను వంకర ఉన్న ఆడపిల్లలకి ఏళ్ల తరబడి పదే పదే తీసే ఎక్స్‌రేలు పీఏలోనే తీయాలి. భుజాలు ముందుకి తిప్పించండి, గడ్డం పైకెత్తించండి. ఊపిరి పీల్చి బిగబట్టడం ఎలాగో ఒకసారి మీరు చేసి చూపించి, రోగి చేత చేయించండి. ఆ ఒక్క రిహార్సల్ చాలా రిపీట్లని ఆపుతుంది.

కుడి, ఎడమ మార్కర్ ఎక్స్‌పోజర్‌కి ముందే ఫీల్డ్ లోపల పెట్టండి. తర్వాత కంప్యూటర్‌లో అక్షరం చేర్చొచ్చులే అనుకుంటే, ఏదో ఒక రోజు అది తప్పు వైపు పడుతుంది. గొలుసులు, హుక్కులు, జడపిన్నులు, ఫోన్ తీయించండి. దుస్తులు మార్చుకునే గది, గౌను సిద్ధంగా ఉంచండి. రోగి సిగ్గుపడి ఏదో ఒకటి తీయకుండా ఉండిపోతే రిపీట్ తప్పదు.

కేవీపీ, ఎంఏఎస్

కేవీపీ (కిరణాలు ఎంత చొచ్చుకుపోవాలో నిర్ణయించే ట్యూబ్ వోల్టేజ్) 15 శాతం పెంచితే ఎంఏఎస్ (ఎన్ని కిరణాలు రావాలో నిర్ణయించేది) సగం చేసినా డిటెక్టర్‌కి చేరేది దాదాపు అంతే ఉంటుంది, రోగి చర్మానికి పడేది తగ్గుతుంది. 70 కేవీపీతో తీస్తున్నది 80తో తీసి ఎంఏఎస్ సగం చేయొచ్చు. కాంట్రాస్ట్ కొంచెం తగ్గినా డిజిటల్ ప్రాసెసింగ్ చాలావరకు సర్దుతుంది. అయితే ఎవరికి వాళ్లు సొంతంగా మార్చేయడం సరికాదు. రేడియాలజిస్ట్‌తో కూర్చుని, ఇమేజ్ చూపించి, ఒప్పించి, మార్చిన అంకెల్ని చార్ట్‌గా రాసి కంట్రోల్ ప్యానెల్ పక్కన అంటించండి. చార్ట్ లేని గదిలో ఒక్కొక్కరు ఒక్కో ఎక్స్‌పోజర్ ఇస్తారు.

ఇక్కడ డిజిటల్ వ్యవస్థలో ఉన్న అసలు ప్రమాదం గురించి చెప్పాలి. ఫిల్మ్ రోజుల్లో ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే ఫిల్మ్ నల్లగా వచ్చేది. తప్పు వెంటనే కళ్ళకి కనిపించేది. ఇప్పుడు డోస్ రెట్టింపైనా కంప్యూటర్ దాన్ని సర్ది అందమైన ఇమేజ్ చూపిస్తుంది. డోస్ తక్కువైతే ఇమేజ్ గింజగింజగా వస్తుంది, డాక్టర్ మాటంటారు. ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు. దాంతో తెలియకుండానే అందరి చేయీ ఎక్కువ వైపు జరుగుతుంది. దీనికి విరుగుడు స్క్రీన్ మీదే ఉంది: ఎక్స్‌పోజర్ ఇండెక్స్ (డిటెక్టర్‌కి ఎంత చేరిందో చూపే అంకె), దాని పక్కన డీవియేషన్ ఇండెక్స్ (అది ఉండాల్సిన దానికి ఎంత తేడాగా ఉందో చూపే అంకె). డీవియేషన్ సున్నా అంటే సరిగ్గా ఉంది. +1 అంటే పావు వంతు ఎక్కువ. +3 అంటే రెట్టింపు, -3 అంటే సగం. ఇమేజ్ పంపే ముందు ఈ అంకె చూడటం అలవాటు చేసుకోండి. రోజంతా +2, +3 వస్తుంటే చార్ట్‌లోనో, ఏఈసీలోనో (సరిపడా కిరణాలు చేరగానే ఎక్స్‌పోజర్‌ని తానే ఆపే ఏర్పాటు) తేడా ఉంది. ఇమేజ్ బాగుంది కదా అని ఊరుకోవద్దు.

ఏఈసీ వాడేటప్పుడు ఏ చాంబర్ (కిరణాలని కొలిచే సెన్సర్) ఎంచుకున్నారో చూడండి. చెస్ట్ పీఏకి పక్కన ఉన్న రెండు చాంబర్లు, నడుం వెన్నుకి మధ్యది. ఆ చాంబర్ మీదకి సరైన భాగం రాకపోతే మెషీన్ తప్పు లెక్క వేస్తుంది.

గోనాడ్ షీల్డ్ (అండాశయాలు, వృషణాల మీద పెట్టే లెడ్ కవచం) గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉన్నారు. రోగి కటి భాగం మీద లెడ్ పెట్టడం దశాబ్దాల పాటు నేర్పారు. 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం దీన్ని రోజువారీగా చేయడం మానేయమంది. కారణాలు బలమైనవే. షీల్డ్ కావాల్సిన భాగాన్ని కప్పేస్తే రిపీట్ అవుతుంది. ఏఈసీ చాంబర్ మీదకి వస్తే మెషీన్ డోస్ పెంచేస్తుంది. శరీరం లోపలే పుట్టే స్కాటర్‌ని పైన పెట్టిన లెడ్ ఆపలేదు. వంశపారంపర్య హాని గురించిన అంచనా కూడా బాగా తగ్గింది: ఐసీఆర్పీ గోనాడ్లకి ఇచ్చిన వెయిటింగ్ ఫ్యాక్టర్ (ఆ అవయవానికి హాని అవకాశం ఎంతో చెప్పే అంకె) 1990లో 0.20, 2007కి 0.08. నా అభిప్రాయం కూడా ఇదే: ఆ సమయం కొలిమేషన్ మీద పెట్టండి. అయితే మీ దేశ నిబంధనలు, మీ విభాగం రాతపూర్వక పద్ధతి ఏం చెబుతున్నాయో చూసి దాన్నే పాటించండి. తల్లిదండ్రులు అడిగితే ఓపిగ్గా వివరించండి.

రిపీట్

రిపీట్ చేసిన ప్రతిసారీ రోగికి ఆ ఇమేజ్ డోస్ ఇంకోసారి పడుతుంది. కాబట్టి మళ్ళీ తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: డాక్టర్ అడిగిన ప్రశ్నకి ఈ ఇమేజ్‌లో జవాబు దొరుకుతుందా? దొరికితే, కొంచెం తిరిగినట్టు ఉన్నా, అందంగా లేకపోయినా రిపీట్ వద్దు. దొరక్కపోతే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకున్నాకే మళ్ళీ తీయండి. కారణం తెలియకుండా తీస్తే రెండోదీ అలాగే వస్తుంది.

పనికిరాని ఇమేజ్‌ని డిలీట్ చేసేయడం డిజిటల్‌లో చాలా తేలిక. దయచేసి చేయకండి. రిజెక్ట్‌గా గుర్తించి కారణం ఎంచుకోండి: పొజిషన్, కదలిక, ఆభరణం, ఎక్స్‌పోజర్. నెలకొకసారి ఆ లెక్క తీస్తే విభాగం పరిస్థితి బయటపడుతుంది. మొత్తం ఇమేజ్‌ల్లో రిజెక్ట్‌లు 8 శాతం లోపు ఉండేలా చూసుకోవాలని, 10 దాటితే కారణం వెతకాలని ఆ ఫిజిసిస్టుల సంఘమే సూచించింది. మరీ తక్కువ వచ్చినా అనుమానించాలి. ఎవరో గుట్టుగా డిలీట్ చేస్తూ ఉండొచ్చు, లేదా పనికిరాని ఇమేజ్‌లే రిపోర్టింగ్‌కి వెళ్తూ ఉండొచ్చు. ఈ లెక్క మనిషిని దండించడానికి వాడితే మరుసటి నెల నుంచి అబద్ధాలే వస్తాయి. ఇన్‌ఛార్జిగా ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వార్డులో పోర్టబుల్

ఇక్కడ గోడ లేదు, మిమ్మల్ని కాపాడేది దూరమే. 1 మీటరు దగ్గర ఉన్న తీవ్రత 2 మీటర్లకి నాలుగో వంతు, 3 మీటర్లకి తొమ్మిదో వంతు అవుతుంది. ఏప్రన్ వేసుకుని, కనీసం 2 మీటర్లు దూరం జరిగి, కిరణం వెళ్లే దిశలో ఎవరూ లేరని చూసి, "ఎక్స్‌రే తీస్తున్నా" అని గట్టిగా చెప్పి నొక్కండి. పక్క మంచం రోగిని కదపలేకపోతే ట్యూబ్ దిశ అటు లేకుండా చూడండి. నర్సులు అన్నీ వదిలి వార్డు బయటికి పరిగెత్తనక్కర్లేదు. రెండు మూడు మీటర్లు జరిగితే చాలు, వెంటిలేటర్ మీద ఉన్న రోగిని వదిలి వెళ్లొద్దని వాళ్లకి చెప్పండి.

రోగిని పట్టుకోవాల్సి వస్తే ఆ పని ఎప్పుడూ ఒకే టెక్నీషియన్ మీద పడకూడదు. గర్భం లేని పెద్దవాళ్లు, వీలైతే బంధువు, ఏప్రన్ వేసుకుని పట్టుకోవాలి. వాళ్ల చేతులు ఫీల్డ్‌లోకి రాకూడదు.

పిల్లలు

పిల్లల కణాలు వేగంగా పెరుగుతుంటాయి, ముందు చాలా జీవితం ఉంటుంది. ఒకే డోస్‌కి పెద్దవాళ్ల కన్నా వాళ్లకి క్యాన్సర్ అవకాశం ఎక్కువ. పిల్లల ఇమేజింగ్‌లో డోస్ తగ్గించాలని 2008లో "ఇమేజ్ జెంట్లీ" అనే ప్రచారం మొదలైంది కూడా ఇందుకే. చిన్న శరీరానికి గ్రిడ్ (స్కాటర్‌ని ఆపే పలక) అక్కర్లేదు, తీసేయండి. ఎక్స్‌పోజర్ సమయం వీలైనంత తక్కువ పెట్టండి, కదిలినా ఇమేజ్ చెడదు. నవజాత శిశువుకి ఛాతీ అడిగితే తల నుంచి కాళ్ల దాకా ఒకే ఫీల్డ్‌లో తీసే "బేబీగ్రామ్" అలవాటు మానాలి. ఛాతీ అంటే ఛాతీ వరకే. అన్నీ సిద్ధం చేసుకున్నాకే పాపని టేబుల్ మీదకి తీసుకోండి. ట్యూబ్ సెంటర్ చేసి, ఫ్యాక్టర్లు పెట్టి, క్యాసెట్ అమర్చాక పడుకోబెడితే ఏడుపు మొదలయ్యేలోపే పని అయిపోతుంది.

"బాబూ, పాపకి ఇన్ని ఎక్స్‌రేలు తీస్తే ఏమీ కాదా?" అని అమ్మమ్మ అడిగితే విసుక్కోకండి. "అమ్మా, ఈ ఒక్క ఎక్స్‌రేతో పడేది మనందరికీ కొద్ది రోజుల్లో ప్రకృతి నుంచి వచ్చేంతే. జబ్బు తెలియకపోతే దాని కన్నా ఎక్కువ నష్టం. మెషీన్ ఆగిపోగానే కిరణాలూ ఆగిపోతాయి, పాప ఒంట్లో ఏమీ మిగలదు, వెంటనే ఎత్తుకోవచ్చు" అని చెప్పండి. ఛాతీ, చేతులు, కాళ్ల ఎక్స్‌రేలకి ఈ మాట సరిపోతుంది. సీటీకి ఇలా తేలిగ్గా తీసేయకూడదు. అక్కడ అవసరం ఏమిటో డాక్టర్ చేత చెప్పించండి.

సీటీ

ఒక సంఘటనతో మొదలుపెడతాను. 2008, 2009 మధ్య అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పక్షవాతం అనుమానంతో వచ్చినవాళ్లకి చేసే బ్రెయిన్ పర్‌ఫ్యూజన్ సీటీ (మెదడులో రక్త ప్రసరణ చూసే స్కాన్) ప్రోటోకాల్‌ని, అంటే ముందే పెట్టి ఉంచిన సెట్టింగ్స్‌ని, మార్చారు. ఆ మార్పు తర్వాత డోస్ ఉండాల్సిన దానికి దాదాపు 8 రెట్లు పడింది. 18 నెలల పాటు, 206 మంది రోగులకి. ఒక రోగి తన జుట్టు రాలిపోతోందని చెప్పాకే అది బయటపడింది. ఆ 18 నెలలూ స్కాన్‌కి ముందు ఎక్కువ డోస్ అంకె కన్సోల్ స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది. చూసి ఆగినవాళ్లు లేరు.

కాబట్టి సీటీలో మొదటి అలవాటు: స్కౌట్ (స్కాన్‌కి ముందు తీసే ప్లానింగ్ ఇమేజ్) తీశాక, స్కాన్ నొక్కే ముందు, సీటీడీఐవాల్ (డోస్ తీవ్రత), డీఎల్‌పీ (స్కాన్ మొత్తానికి పడే డోస్) అంకెలు చదవాలి. మీ విభాగంలో తల సీటీకి, ఛాతీకి, పొట్టకి మామూలుగా ఎంత వస్తుందో మీకు నోటికి రావాలి. అప్పుడే తేడా పసిగడతారు. మెషీన్ డోస్ ఎక్కువైందని పాప్‌అప్ ఇస్తే కారణం చూడకుండా ఓకే నొక్కకండి. ప్రోటోకాల్ మార్చే అధికారం ఒకరిద్దరికే ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసి ఉండాలి.

రోగిని గ్యాంట్రీ (సీటీ మెషీన్ గుండ్రటి రంధ్రం ఉన్న భాగం) మధ్యలోకి తేవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. టేబుల్ ఎత్తు తప్పితే స్కౌట్‌లో శరీరం అసలు కన్నా పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది. ఆటోమేటిక్ ఎంఏ (శరీరం సైజుని బట్టి ట్యూబ్ కరెంట్ మార్చే ఏర్పాటు) ఆ లెక్కతోనే డోస్ ఇస్తుంది. పక్క లేజర్ చూసి ఎత్తు సరిచేయడానికి పది సెకన్లు పట్టదు. ఛాతీ, పొట్ట స్కాన్లకి చేతులు తలపైకి పెట్టించండి.

స్కాన్ పొడవు కూడా అంతే. డీఎల్‌పీ అంటే డోస్ తీవ్రతని పొడవుతో గుణించినదే. ఛాతీ స్కాన్ కిడ్నీల దాకా సాగితే ఆ అదనపు భాగం మొత్తం అనవసరపు డోస్. ఇక ఫేజ్‌లు, అంటే రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఒక్కో దశలో ఉన్నప్పుడు తీసే స్కాన్లు: కాంట్రాస్ట్ లేకుండా ఒకటి, ఆర్టీరియల్ ఒకటి, వీనస్ ఒకటి, డిలేడ్ ఒకటి అంటే డోస్ దాదాపు నాలుగు రెట్లు. కాలేయంలో గడ్డ అనుమానం ఉంటే అవి కావాలి. మామూలు పొట్టనొప్పికి చాలాసార్లు వీనస్ ఫేజ్ ఒక్కటీ చాలు. సీటీలో డోస్ తగ్గించే అతి పెద్ద అవకాశం ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. "అన్ని ఫేజ్‌లూ తీసేద్దాం, మళ్ళీ పిలవక్కర్లేదు" అనే ధోరణి కనిపిస్తే రేడియాలజిస్ట్‌తో మాట్లాడండి. పిల్లలకి బరువుని బట్టి వేరే ప్రోటోకాల్స్ ఉండాలి. పెద్దవాళ్ల ప్రోటోకాల్‌తో పిల్లని స్కాన్ చేయడానికి ఏ తొందరా సాకు కాదు.

ఏడాదికొకసారి ఒక్కో పరీక్షకీ కనీసం 20 మంది సగటు శరీరం ఉన్న రోగుల అంకెలు తీసి, మధ్య విలువ చూసి, మీ దేశపు డయాగ్నస్టిక్ రిఫరెన్స్ లెవెల్‌తో పోల్చండి. చాలా ఆసుపత్రుల నుంచి సేకరించిన విలువల్లో 75 శాతం ఏ అంకె లోపు ఉన్నాయో అదే రిఫరెన్స్ లెవెల్. మీది దాని పైన ఉంటే, నాలుగింట మూడు చోట్ల అదే పని మీకన్నా తక్కువ డోస్‌తో జరుగుతోందన్నమాట.

సీ-ఆర్మ్, క్యాథ్‌ల్యాబ్

మీకు నిజంగా డోస్ పడేది ఇక్కడే, అంటే సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగా కదిలే ఎక్స్‌రే చూపించే మెషీన్), క్యాథ్‌ల్యాబ్ పనుల్లో. రోగి శరీరం నుంచి చెదిరి వచ్చే కిరణాలే మీకు తగులుతాయి. రోగి చర్మం మీద పడే దానిలో సుమారు వెయ్యో వంతు 1 మీటరు దూరంలో ఉంటుంది. అంటే రోగికి తగ్గించిన ప్రతిదీ మీకూ తగ్గుతుంది.

ట్యూబ్ టేబుల్ కింద, డిటెక్టర్ పైన ఉండాలి. స్కాటర్ ఎక్కువగా ట్యూబ్ వైపే వస్తుంది, అప్పుడు అది కాళ్ల వైపు పోతుంది, తలకీ కళ్ళకీ తగ్గుతుంది. లేటరల్ వ్యూలో ట్యూబ్ వైపు కాకుండా డిటెక్టర్ వైపు నిలబడండి. డిటెక్టర్‌ని రోగికి వీలైనంత దగ్గరగా, ట్యూబ్‌ని దూరంగా ఉంచండి. పల్స్ రేటు తగ్గించండి, సెకనుకి 30 అక్కర్లేని పనికి 7.5 చాలు. మ్యాగ్నిఫికేషన్ నిజంగా కావాల్సినప్పుడే. సర్జన్ స్క్రీన్ వైపు చూడనప్పుడు పెడల్ మీద కాలు ఉండకూడదు, ఆఖరి ఇమేజ్ స్క్రీన్ మీద నిలిచే ఉంటుంది. 5 నిమిషాల అలారం మోగితే రీసెట్ నొక్కి ఊరుకోకుండా, ఎంత సమయం అయిందో బయటికి చెప్పండి.

చేతులు బీమ్‌లో పెట్టడం అన్నిటికన్నా చెడ్డది. ఎక్స్‌రే కనుక్కున్న తొలి ఏళ్లలో ఎడిసన్ ప్రయోగశాలలో పని చేసిన క్లారెన్స్ డాలీ తన చేతులనే అడ్డుపెట్టి ట్యూబ్‌లు పరీక్షించేవాడు. గాయాలు క్యాన్సర్‌గా మారి, చేతులు తీసేసినా, 1904లో చనిపోయాడు. లెడ్ గ్లౌజ్ ఉంది కదా అని చేయి బీమ్‌లోకి పెడితే ఆటోమేటిక్ కంట్రోల్ డోస్ పెంచేస్తుంది, రక్షణ కాస్తా పోతుంది.

కంటి గురించి. లెన్స్‌కి 0.5 గ్రే చేరినా శుక్లం రావచ్చని తేలాక, 2011లో ఐసీఆర్పీ సిబ్బంది కంటి లెన్స్ పరిమితిని ఏడాదికి 150 నుంచి 20 మిల్లీసీవర్ట్‌లకి తగ్గించమంది. రోజూ క్యాథ్‌ల్యాబ్‌లో ఉండేవాళ్లు లెడ్ కళ్ళద్దాలు పెట్టుకోవాలి, పైనుంచి వేలాడే లెడ్ గ్లాస్‌ని ముందుకి లాక్కోవాలి. ఆ గ్లాస్ మూలకి నెట్టేసి ఉన్న గదులే ఎక్కువ కనిపిస్తాయి, అది బాధాకరం.

రోగి చర్మం సంగతి మర్చిపోవద్దు. 2 గ్రేలు దాటితే ఎర్రబడొచ్చు. మెషీన్ చూపించే మొత్తం ఎయిర్ కెర్మా (చర్మానికి పడిన డోస్‌కి అంచనా) 5 గ్రేలు దాటిన కేసుల్ని రాసి పెట్టి, రోగికీ ఇంట్లోవాళ్లకీ చెప్పి పంపాలి: కొన్ని వారాల్లో వీపు మీద ఎర్రటి మచ్చ, పుండు కనిపిస్తే ఇక్కడికే రండి అని. చెప్పకపోతే వాళ్లు చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తారు, కారణం ఎవరికీ తట్టదు.

ఏప్రన్, బ్యాడ్జ్

ఏప్రన్‌ని మడవకండి, కుర్చీ మీద పడేయకండి. లోపలి లెడ్ పొర చిట్లుతుంది, బయటికి కనిపించదు. హ్యాంగర్‌కి వేలాడదీయండి, ఏడాదికొకసారి ఫ్లోరోస్కోపీ (కదిలే ఎక్స్‌రే చూపించే మెషీన్) కింద పరిచి చిల్లుల కోసం చూడండి. ముందు వైపే లెడ్ ఉన్న ఏప్రన్ వేసుకుని మెషీన్‌కి వీపు తిప్పి నిలబడితే లాభం లేదు. ఫ్లోరోస్కోపీలో థైరాయిడ్ కాలర్ తప్పనిసరి.

టీఎల్‌డీ బ్యాడ్జ్ ఛాతీ దగ్గర, ఏప్రన్ లోపల పెట్టుకోవాలి. ఫ్లోరోస్కోపీ ఎక్కువ చేసేవాళ్లకి మెడ దగ్గర, ఏప్రన్ పైన రెండోది ఇస్తారు. రెండూ తారుమారు కాకుండా చూసుకోండి. బ్యాడ్జ్ మిమ్మల్ని కాపాడదు, కొలుస్తుంది అంతే. డ్యూటీ అయ్యాక ఏప్రన్‌కే వదిలేసి వెళ్తే అది గదిలో రేడియేషన్ కొలుస్తుంది. మీకే ఎక్స్‌రే తీయించుకోవాల్సి వస్తే బ్యాడ్జ్ తీసేయండి, రోగిగా పడే డోస్ అందులోకి రాకూడదు. వేరేవాళ్లది పెట్టుకోకండి.

ఐసీఆర్పీ సిఫారసు ప్రకారం సిబ్బంది పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. మామూలు ఎక్స్‌రే, సీటీ పనిలో ఉన్నవాళ్లకి వచ్చేది దీనికి చాలా తక్కువ. మీరు గర్భవతి అయితే వీలైనంత త్వరగా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి. చెప్పినప్పటి నుంచి ప్రసవం దాకా బిడ్డకి అదనంగా 1 మిల్లీసీవర్ట్ దాటకుండా డ్యూటీ సర్దుతారు. పొట్ట దగ్గర, ఏప్రన్ లోపల ఇంకో బ్యాడ్జ్ ఇస్తారు. చాలా సందర్భాల్లో ఉద్యోగం మానక్కర్లేదు, ఫ్లోరోస్కోపీ నుంచి కంట్రోల్ బూత్ పనికి మారితే సరిపోతుంది.

బ్యాడ్జ్ రీడింగ్ రిపోర్టు వచ్చినప్పుడు సంతకం పెట్టి పక్కన పడేయకుండా మీ అంకె చదవండి. మీతో సమానంగా పని చేసేవాళ్ల కన్నా ఎక్కువ వచ్చినా, క్యాథ్‌ల్యాబ్‌లో రోజంతా ఉన్నా ఎప్పుడూ సున్నాయే వస్తున్నా, ఆ వారంలోనే సేఫ్టీ ఆఫీసర్‌ని కలిసి కారణం అడగండి.